కంటైనర్ టెర్మినల్ యంత్రాల కర్బన లెక్క: ఏ పద్ధతి ఎవరికి, ఎప్పుడు

ఓడ మీంచి దిగిన కంటైనర్ గేటు దాటేలోపు కనీసం మూడు యంత్రాల చేతులు మారుతుంది. బెర్తు, అంటే ఓడ నిలిచే గట్టు మీద, క్వే క్రేన్ దించుతుంది. ఐటీవీ అని పిలిచే ట్రాక్టర్-ట్రెయిలర్ యార్డుకు మోస్తుంది. అక్కడ ఆర్‌టీజీ అనే టైర్ల మీద నడిచే యార్డు క్రేన్ దొంతరలో పెడుతుంది. లారీ వచ్చిన రోజు ఆర్‌టీజీ దాన్ని మళ్లీ ఎత్తాలి. అది అడుగున ఉంటే పైనున్న రెండు మూడింటిని ముందు పక్కకు జరపాలి. ఈ పనంతటికీ ఏడాదిలో ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడిందని అడిగితే, ఒకే టెర్మినల్‌కు ఒకరు 7,000 టన్నులని, ఇంకొకరు 11,000 టన్నులని చెప్పగలరు. ఇద్దరూ ప్రామాణిక సూత్రాలే వాడి ఉంటారు. తేడా పద్ధతిని ఎంచుకోవడంలో వస్తుంది.

వాడుకలో ప్రధానంగా నాలుగు పద్ధతులున్నాయి: ఇంధన ఖాతా నుంచి లెక్కకట్టడం, యంత్రాల పనిగంటల నుంచి కట్టడం, ఒక్కో టీఈయూకు (ఇరవై అడుగుల పెట్టె ఒక టీఈయూ, నలభై అడుగులది రెండు) ఇంత అని సగటు వేసి గుణించడం, ఒక్కో మూవ్‌నూ (పెట్టెను ఒకసారి ఎత్తి దించడం) యంత్రం నుంచి వచ్చే డేటాతో కొలవడం. మా సలహా ముందే చెప్పేస్తాం. మొత్తం ఎంతో ఇంధన ఖాతా చెప్పాలి. అందులో ఏ యంత్రం వాటా ఎంతో పనిగంటలు చెప్పాలి. ఈ రెండూ ఒకదానితో ఒకటి సరిపోలేదాకా ఏ అంకెనూ బయటపెట్టకూడదు. మిగతా రెండు పద్ధతులకు తమ తమ చోట్లున్నాయి గానీ, వార్షిక లెక్కకు అవి పునాది కాలేవు.

ముందు హద్దు గీసుకోండి

పద్ధతి కంటే ముందు తేలాల్సింది ఎవరి లెక్క అన్నది. మన దగ్గర పెద్ద రేవుల్లో కంటైనర్ టెర్మినళ్లు ఎక్కువగా కన్సెషన్ మీద, అంటే నడిపే హక్కును వేరే సంస్థకు ఇచ్చే ఒప్పందం మీద, నడుస్తాయి. విశాఖపట్నంలో స్థలం, జలాలు పోర్ట్ అథారిటీవి. కంటైనర్లు దించేది విశాఖ కంటైనర్ టెర్మినల్. కర్బన లెక్కలకు ప్రపంచమంతా వాడే ప్రమాణమైన జీహెచ్‌జీ ప్రోటోకాల్ భాషలో చెప్పాలంటే, టెర్మినల్ కాల్చే డీజిల్ ఆపరేటర్‌కు స్కోప్ 1 (తన సొంత ఉద్గారం), కొన్న కరెంటు స్కోప్ 2. అదే డీజిల్ పోర్ట్ అథారిటీ లెక్కలో స్కోప్ 3 (తనతో ముడిపడిన ఇతరుల ఉద్గారం) అవుతుంది. రెండు సంస్థలూ దాన్ని స్కోప్ 1లో వేసుకుంటే రెండుసార్లు లెక్కించినట్టు. ఇద్దరూ వదిలేస్తే అసలు లేనట్టే.

ఎక్కువగా జారిపోయేది కాంట్రాక్టర్ల ఐటీవీలు. చాలా టెర్మినళ్లలో ట్రాక్టర్లు, ట్రెయిలర్లు అద్దెవి. వాటి యజమానులు బయటి బంకులో డీజిల్ పోయించుకుని వస్తారు, టెర్మినల్ బిల్లుల్లో ఆ లీటర్లు ఎక్కడా కనబడవు. అయినా ఆ బండి ఎప్పుడు కదలాలో, ఎక్కడ నిలబడాలో చెప్పేది టెర్మినల్ ప్లానరే. నిర్వహణ ఎవరి చేతిలో ఉంటే లెక్క వారిదన్న నియమం పెట్టుకుంటే ఈ బండ్లు స్కోప్ 1లోకి రావాలి. కాంట్రాక్ట్ రెన్యువల్ సమయంలోనే నెలవారీ లీటర్లు, బండివారీ గంటలు ఇవ్వాలన్న షరతు పెట్టండి. ఏడాది ముగిశాక అడిగితే వచ్చేది కాగితం మీద రాసిచ్చిన గుండ్రటి అంకె మాత్రమే.

రెండోది రీఫర్ల కరెంటు. చల్లటి కంటైనర్ల ప్లగ్గులు రోజంతా కరెంటు తీసుకుంటాయి. రొయ్యలు, చేపలు ఎగుమతయ్యే రేవుల్లో ఈ వాటా చిన్నది కాదు. క్వే క్రేన్లకూ రీఫర్ ర్యాకులకూ ఒకే సబ్‌స్టేషన్ మీటర్ ఉంటే, సరుకు ఎత్తిదించడానికి వాడిన కరెంటు ఎంతో ఎవరూ చెప్పలేరు. ఫీడర్‌కో సబ్‌మీటర్ పెట్టించడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అన్నిటికంటే ఎక్కువ స్పష్టత ఇచ్చే పని.

ఓడల ఇంజన్లు, టగ్గులు, బయటి లారీలు ఈ లెక్కలోకి రావు. లారీలు గేటు లోపల క్యూలో కాల్చేది విడిగా స్కోప్ 3 కింద చూపించవచ్చు. యంత్రాల అంకెలో మాత్రం కలపకండి.

ఇంధన ఖాతా పద్ధతి

సూత్రం సులువు: లీటర్లు × ఉద్గార గుణకం. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ 2006 మార్గదర్శకాల ప్రకారం డీజిల్‌కు టెరాజౌల్‌కు 74.1 టన్నుల కార్బన్ డయాక్సైడ్, టన్ను డీజిల్‌కు 43 గిగాజౌళ్లు. అంటే కిలో డీజిల్ కాలితే 3.186 కిలోలు. సాంద్రత 0.84 అనుకుంటే లీటరుకు 2.68 కిలోలు.

ఇక్కడే ఒక చిక్కుంది. రోడ్డెక్కని పారిశ్రామిక యంత్రాలకు అదే ఐపీసీసీ పట్టిక నైట్రస్ ఆక్సైడ్ టెరాజౌల్‌కు 28.6 కిలోలు అని ఇస్తుంది. దాని భూతాపన సామర్థ్యం 273 వేసి గుణిస్తే లీటరుకు దాదాపు 0.28 కిలోలు అదనంగా చేరుతుంది. ఒకరు కార్బన్ డయాక్సైడ్ మాత్రమే చూపి 2.68 వేస్తారు, ఇంకొకరు అన్ని వాయువులనూ కలిపి కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన మొత్తం అని 2.96 వేస్తారు. పదిశాతం తేడా కేవలం శీర్షికలో ఉంది. రెండు టెర్మినళ్లను పోల్చేముందు ఎవరు ఏది వేశారో చూడాలి.

లీటర్లు ఎక్కడి నుంచి తీసుకోవాలి? కొనుగోలు బిల్లుల మొత్తం చాలదు. మొదటిరోజు ట్యాంకు డిప్ (కొలకర్రతో చూసిన నిల్వ), దానికి ఏడాది కొనుగోళ్లు కలిపి, చివరిరోజు డిప్ తీసేయాలి. మార్చి 31న ట్యాంకర్ దిగితే ఆ డీజిల్ కాలేది తర్వాతి ఆర్థిక సంవత్సరంలో. తర్వాత ఆ మొత్తంలోంచి యంత్రాలకు సంబంధం లేనివి వేరు చేయాలి: డీజీ సెట్లు (డీజిల్ జనరేటర్లు), ఫైర్ పంపు, ఆఫీసు జీపులు, లైటింగ్ టవర్లు. వాటిని పారేయొద్దు, వేరే వరుసలో రాయండి.

యార్డులో తిరుగుతూ యంత్రాలకు డీజిల్ పోసే ట్యాంకరు, అంటే బౌజర్, రికార్డు ఈ పద్ధతికి ప్రాణం. అది చెడేది మూడు చోట్ల. యంత్రం నంబరు తప్పు రాయడం మొదటిది. రాత్రి షిఫ్టులో వరుసగా ఉన్న ఆరు ఐటీవీలకు పోసి ఒకే నంబరు మీద రాసేస్తారు. నాజిల్ మీటర్ తనిఖీ గడువు దాటిపోవడం రెండోది. పోసింది 87 లీటర్లయినా 100 అని రాయడం మూడోది. నెలకోసారి బౌజర్ పోసినట్టు రాసిన మొత్తాన్ని, బౌజర్‌లోకి ఎక్కించిన మొత్తంతో పోల్చండి. రెండు శాతం దాటి తేడా వస్తే ఆ నెల రికార్డును వెనక్కి వెళ్లి చూడాల్సిందే.

కరెంటుకు సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ ఏటా ఇచ్చే గుణకం వాడాలి. 2023-24కు అది యూనిట్‌కు 0.727 కిలోలు. ఇది ఉత్పత్తి కేంద్రం దగ్గరి అంకె. తీగల్లో పోయే నష్టం స్కోప్ 3లో విడిగా వస్తుంది, స్కోప్ 2లో కలపకూడదు. సోలార్ ఒప్పందం ఉంటే జీహెచ్‌జీ ప్రోటోకాల్ 2015 మార్గదర్శకం అడిగినట్టు రెండు అంకెలూ చూపాలి: గ్రిడ్ సగటుతో ఒకటి, ఒప్పందం ప్రకారం ఒకటి. రెండోది మాత్రమే చూపి కరెంటు ఉద్గారాలు సున్నా అని ప్రకటించడం చదివేవారిని తప్పుదారి పట్టించడమే.

ఈ పద్ధతి బలం: ఆడిటర్ అడిగితే బిల్లు చూపించొచ్చు. బలహీనత: ఎందుకు ఎక్కువైందో, ఎక్కడ తగ్గించాలో చెప్పదు.

పనిగంటల పద్ధతి

ఇది కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన దారి. అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు నమూనా, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ రేవుల మార్గదర్శకం, అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఐఎంఓ ప్రాజెక్టు కింద 2018లో వచ్చిన రేవుల ఉద్గారాల గైడ్, అన్నిటిలోనూ మూలసూత్రం ఒకటే:

ఇంజన్ కిలోవాట్లు × లోడ్ ఫ్యాక్టర్ × గంటలు × కిలోవాట్ అవర్‌కు ఉద్గారం

పెద్ద డీజిల్ ఇంజన్ ఒక కిలోవాట్ అవర్‌కు దాదాపు 0.223 కిలోల డీజిల్ తాగుతుందని ఈపీఏ అంచనా. దాన్ని లీటర్లలోకి మారిస్తే 0.265 వస్తుంది. కాబట్టి పనికొచ్చే పొట్టి సూత్రం ఇది: గంటకు లీటర్లు = కిలోవాట్లు × లోడ్ ఫ్యాక్టర్ × 0.265. ఉద్గారాల దాకా వెళ్లకుండా ముందు ఈ అంకె వేసి మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌కు చూపించండి. ఆయన నవ్వితే మీ లోడ్ ఫ్యాక్టర్ తప్పు.

అసలు సమస్యంతా ఆ లోడ్ ఫ్యాక్టర్‌లోనే ఉంది. ఇంజన్ నడిచిన గంటల్లో సగటున తన పూర్తి శక్తిలో ఎంత భాగం వాడిందో చెప్పే భిన్నం అది. లాస్ ఏంజెలస్, లాంగ్ బీచ్ రేవుల వార్షిక లెక్కల్లో యార్డ్ ట్రాక్టర్‌కు (మన ఐటీవీ) 0.39, ఆర్‌టీజీకి 0.20, టాప్ హ్యాండ్లర్‌కు (పెట్టెను పైనుంచి పట్టి ఎత్తే బండి) 0.59, ఫోర్క్‌లిఫ్ట్‌కు 0.30 వాడుతూ వచ్చారు. ట్రాక్టర్‌కు అంతకుముందు 0.57, ఆర్‌టీజీకి 0.43 ఉండేవి, ఇంజన్లకు పరికరాలు పెట్టి కొలిచాకే తగ్గించారు. కొలవకముందు ఆర్‌టీజీ ఉద్గారాలు రెట్టింపుకు మించి కనబడ్డాయన్నమాట. అంత శ్రద్ధగా లెక్కలు వేసే చోటే ఇలా జరిగితే, ఆ అంకెలను తెచ్చి వేరే ఎండలో, వేరే క్యూలో నిలబడే బండ్లకు అతికించేటప్పుడు మరింత జాగ్రత్త పడాలి.

ఒక ఊహా టెర్మినల్ తీసుకుందాం. 150 కిలోవాట్ల ఐటీవీలు 40, ఒక్కోటి ఏడాదికి 4,000 గంటలు. 400 కిలోవాట్ల జెన్‌సెట్ ఉన్న ఆర్‌టీజీలు 12, ఒక్కోటి 4,500 గంటలు. 250 కిలోవాట్ల రీచ్ స్టాకర్లు (పొడవాటి చేతితో పెట్టెలు పేర్చే బండ్లు) 4, ఒక్కోటి 3,000 గంటలు. పైన చెప్పిన లోడ్ ఫ్యాక్టర్లే వేస్తే (రీచ్ స్టాకర్‌కు టాప్ హ్యాండ్లర్ అంకె):

ఐటీవీ గంటకు 15.5 లీటర్లు, మొత్తం 24.8 లక్షల లీటర్లు.
ఆర్‌టీజీ గంటకు 21.2 లీటర్లు, మొత్తం 11.4 లక్షలు.
రీచ్ స్టాకర్ గంటకు 39 లీటర్లు, మొత్తం 4.7 లక్షలు.

కలిపితే దాదాపు 41 లక్షల లీటర్లు, 11,000 టన్నుల కార్బన్ డయాక్సైడ్. స్టోర్స్ ఖాతాలో చూస్తే డీజిల్ వాడకం 26 లక్షల లీటర్లు, అంటే 7,000 టన్నులకు కాస్త తక్కువ. మొదట్లో చెప్పిన రెండు అంకెలూ ఇలాగే పుడతాయి.

ఇప్పుడు యంత్రాల దగ్గరకు వెళ్లి ట్యాంకు నిండా పోసి కొలిచారనుకుందాం. ఐటీవీ గంటకు 8 లీటర్లు, ఆర్‌టీజీ 19, రీచ్ స్టాకర్ 17 తేలింది. ఇవి ఆయా యంత్రాలకు సహజంగా ఉండే స్థాయిలే. మొత్తం 12.8 + 10.3 + 2.0, అంటే 25.1 లక్షల లీటర్లు. ఖాతాతో తేడా 90 వేల లీటర్లు, 3.5 శాతం, అది డీజీ సెట్లు, జీపులది. ఇప్పుడు లెక్క కుదిరింది.

ఇక్కడ చాలామంది చేసే తప్పొకటి ఉంది. 41 లక్షలు రాగానే, ఖాతాలో 26 లక్షలే ఉన్నాయి కదా అని అన్ని యంత్రాలనూ ఒకే నిష్పత్తిలో కుదించేస్తారు. మొత్తం సరిపోతుంది, వాటాలు తప్పుతాయి. అరువు లోడ్ ఫ్యాక్టర్లతో ఆర్‌టీజీల వాటా 28 శాతం. కొలిచిన అంకెలతో 41 శాతం. ఆర్‌టీజీలను కరెంటుకు మార్చాలా, ఐటీవీలను బ్యాటరీకి మార్చాలా అన్న నిర్ణయం కోట్ల రూపాయలది. అది ఈ వాటాల మీదే ఆధారపడుతుంది. కుదింపు ఆ నిర్ణయాన్ని చెడగొడుతుంది.

అరువు అంకె ఎందుకు ఎక్కువ చూపుతుంది? ప్రధాన కారణం ఖాళీగా నడిచే ఇంజన్. క్రేన్ కింద వరుసలో నిలబడ్డ ఐటీవీ ఏసీ కోసం ఇంజన్ ఆపదు. హవర్ మీటర్ తిరుగుతూనే ఉంటుంది, డీజిల్ మాత్రం గంటకు రెండు మూడు లీటర్లకు మించి పోదు. నిలబడే సమయం ఎక్కువైతే నిజమైన లోడ్ ఫ్యాక్టర్ పడిపోతుంది. ఈ ఉదాహరణలో ఐటీవీకి అది 0.20 దగ్గరికి వచ్చింది.

నేమ్‌ప్లేట్ దగ్గరా తప్పులు జరుగుతాయి. ఆర్‌టీజీకి వేయాల్సింది జెన్‌సెట్ నడిపే ఇంజన్ కిలోవాట్లు. హాయిస్ట్ మోటార్, గాంట్రీ మోటార్ల శక్తిని కూడితే అంకె ఎక్కడికో పోతుంది. జెన్‌సెట్ మీద కేవీఏ రాసి ఉంటే అది ఆల్టర్నేటర్‌ది. హైబ్రిడ్ ఆర్‌టీజీలో బ్యాటరీ సాయంతో చిన్న ఇంజన్ నడుస్తుంది, అది ఎక్కువ సమయం తన సామర్థ్యానికి దగ్గరగానే పనిచేస్తుంది, దానికి 0.20 వేస్తే ఉద్గారాలు తక్కువగా కనబడతాయి. ఇంజన్ మార్చినప్పుడు హవర్ మీటర్ సున్నాకు వెళ్తుంది. జాబ్ కార్డులో పాత రీడింగ్ రాయకపోతే ఆ ఏడాది గంటలు నెగెటివ్‌లోకి పోతాయి, ఎవరో ఒకరు దాన్ని చేత్తో సరిచేసి ఊరుకుంటారు.

ట్యాంకు పరీక్ష ఇలా చేయండి. ఒక్కో రకం నుంచి కనీసం అయిదు యంత్రాలు, వాటిలో పాతవీ కొత్తవీ ఉండాలి. సమతలంగా ఉన్న ఒకే చోట నిలిపి, నాజిల్ ఆగేదాకా కాకుండా ట్యాంకు మెడ మీద గీసిన గుర్తుదాకా పోయండి. హవర్ మీటర్ ఫొటో తీయండి. మూడు షిఫ్టులు నడవనివ్వండి, రాత్రి షిఫ్టు తప్పకుండా ఉండాలి. మళ్లీ అదే చోట, అదే గుర్తుదాకా పోసి లీటర్లు, గంటలు రాయండి. ఒక్క షిఫ్టుతో ముగించొద్దు: 300 లీటర్ల ట్యాంకులో నింపడంలో వచ్చే అయిదారు లీటర్ల తేడా, 60 లీటర్ల వాడకంలో పదిశాతం తప్పుగా మారుతుంది. ఓడ బెర్తు మీద ఉన్నప్పుడు ఒకసారి, లేనప్పుడు ఒకసారి చేస్తే యార్డు పని, ఓడ పని విడివిడిగా తెలుస్తాయి.

టీఈయూకు ఇంత అన్న సగటు

వేరే టెర్మినల్ ప్రచురించిన టీఈయూకు ఇన్ని కిలోలు అన్న అంకెను తెచ్చి మీ టీఈయూలతో గుణించడం. ఇంకా కట్టని టెర్మినల్‌కు తొలి అంచనాగా, లేదా డేటా ఇవ్వని చిన్న రేవును జాతీయ లెక్కలో చేర్చడానికి తప్ప ఇది వద్దు.

యంత్రానికి టీఈయూ తెలియదు, మూవ్ మాత్రమే తెలుసు. ఇరవై అడుగుల పెట్టెకూ నలభై అడుగుల పెట్టెకూ క్రేన్ ఒకసారే పైకి లేస్తుంది. ఏడాదికి 2 లక్షల పెట్టెలు దించిన టెర్మినల్‌లో పెట్టెకు సగటు 1.4 టీఈయూ ఉంటే 2.8 లక్షల టీఈయూ. మరుసటి ఏడు నలభై అడుగులవి పెరిగి సగటు 1.6 అయితే 3.2 లక్షలు. ఒక్క లీటరూ ఆదా కాకుండానే టీఈయూకు ఉద్గారాలు 12.5 శాతం తగ్గినట్టు కనబడతాయి.

టన్నుకు లెక్కించినా ఇలాంటి ఇబ్బందే. కేంద్ర ఓడరేవుల శాఖ 2023లో విడుదల చేసిన హరిత్ సాగర్ మార్గదర్శకాలు టన్ను సరుకుకు ఉద్గారాలను 2030కి 30 శాతం, 2047కి 70 శాతం తగ్గించాలంటున్నాయి. ఖాళీ పెట్టెలు ఎక్కువగా తిరిగే టెర్మినల్‌లో మూవ్‌లు అన్నే ఉంటాయి, టన్నులు ఉండవు. దిగుమతి-ఎగుమతి సమతూకం మారితే చాలు, టన్ను అంకె పైకీ కిందికీ ఊగుతుంది. లక్ష్యం టన్నుల్లో ఉంది కాబట్టి ఆ అంకె ఇవ్వాల్సిందే. దాని పక్కనే మూవ్‌కు ఎంతో కూడా రాయండి. పని నిజంగా మెరుగైందో లేదో రెండోదే చెబుతుంది.

ట్రాన్స్‌షిప్‌మెంట్ టెర్మినళ్లతో పోల్చేటప్పుడు ఇంకో మెలిక. ఒకే పెట్టె ఓడ దిగినప్పుడు ఒకసారి, ఇంకో ఓడ ఎక్కినప్పుడు ఒకసారి త్రూపుట్‌లో (టెర్మినల్ చేసిన మొత్తం సరుకు లెక్కలో) లెక్కకొస్తుంది. పెట్టెలు గేటు గుండా వచ్చిపోయే గేట్‌వే టెర్మినల్‌లో ఓడ వైపు ఒకసారే లెక్కకొచ్చి, గేటు వైపు పని లెక్కలో కనబడకుండా ఉంటుంది. ఈ రెండు రకాల సగటులను పక్కపక్కన పెట్టడం తగదు.

మూవ్‌వారీ కొలత

2011లో రోటర్‌డామ్ టెర్మినళ్ల మీద ప్రచురితమైన పద్ధతి దీనికి మంచి మాదిరి: ఒక్కో యంత్రానికి మూవ్‌కు స్థిర వాడకం ఇంత, కిలోమీటరుకు ఇంత అని విడదీసి, యార్డు పటం మీది దూరాలతో గుణించడం. ఇప్పుడు యంత్రాల కంట్రోలర్లే డేటా ఇస్తున్నాయి కాబట్టి ఆ స్థిరాంకాలను ఎవరికి వారు కొలుచుకోవచ్చు. టెర్మినల్ ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఏ పెట్టెను ఏ యంత్రం ఎప్పుడు ఎత్తిందో వస్తుంది. ఇంజన్ కంట్రోలర్ నుంచి క్షణక్షణం ఇంధన రేటు వస్తుంది. రెంటినీ సమయంతో జతచేస్తారు.

జతచేయడం దగ్గరే పని చెడుతుంది. రెండు గడియారాల మధ్య మూడు నిమిషాల తేడా ఉంటే ఒక మూవ్ డీజిల్ పక్క మూవ్‌కు పోతుంది. పేర్చిన పెట్టెల మధ్య, క్రేన్ కాళ్ల కింద జీపీఎస్ తప్పుతుంది. ఐటీవీ నిలబడి ఉన్నా కదిలినట్టు చూపి దూరం పెంచుతుంది. కంట్రోలర్ చెప్పే ఇంధన రేటు ఇంజెక్టర్ తెరిచిన సమయం నుంచి లెక్కకట్టినది, ఫ్లో మీటర్ కొలత కాదు. ముఖ్యంగా ఇంజన్ ఖాళీగా నడిచేటప్పుడు దాన్ని నమ్మేముందు ట్యాంకు పరీక్షతో పోల్చాలి. పాత మెకానికల్ పంపు ఇంజన్లకు కంట్రోలరే ఉండదు. అన్నిటికంటే ముఖ్యంగా, వర్క్ ఆర్డర్ లేకుండా జరిగే పని సిస్టమ్‌లో ఉండదు: ఖాళీగా తిరిగి రావడం, ఆర్‌టీజీ ఒక బ్లాక్ నుంచి ఇంకో బ్లాక్‌కు మారడం. మూవ్‌లకు జతపడని డీజిల్ ఎంత మిగిలిందో చూసి దాన్ని దాచకుండా విడి వరుసలో చూపండి. తరచూ టెర్మినల్‌లో ఆదా దొరికేది ఆ వరుసలోనే.

ఈ పద్ధతికి డబ్బు, డేటా తెలిసిన మనిషి, కనీసం ఆరు నెలల ఓపిక కావాలి. మొత్తం యంత్రాలకు ఒకేసారి పెట్టకుండా ఒక బ్లాక్, ఒక క్రేన్ జట్టుతో మొదలుపెట్టడం మంచిది.

మీ అవసరం ఏది?

సెబీ అడిగే బీఆర్‌ఎస్‌ఆర్ (కంపెనీల బాధ్యత, సుస్థిరత) నివేదిక కోసమైతే ఇంధన ఖాతా చాలు. మార్కెట్ విలువ ప్రకారం మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలకు 2022-23 నుంచి ఇది తప్పనిసరి. ఆడిటర్‌కు కావాల్సింది బిల్లు, డిప్ రిజిస్టర్, మీటర్ రీడింగ్.

పోర్ట్ అథారిటీ తన కింద ఉన్న టెర్మినళ్లన్నిటి లెక్క తీయాలంటే ప్రతి ఆపరేటర్ నుంచి ఒకే ఫారంలో రెండూ అడగాలి: ఒకటి ఏడాది లీటర్లు, యూనిట్లు; రెండోది యంత్రవారీ కిలోవాట్లు, గంటలు. రెండోది మొదటిదాన్ని పరీక్షించడానికి. పనిగంటల లెక్క ఖాతా కంటే తక్కువ వస్తే ఎక్కడో యంత్రాల జాబితా పూర్తి కాలేదని అర్థం. చాలా ఎక్కువ వస్తే లోడ్ ఫ్యాక్టరో, కాంట్రాక్టర్ డీజిలో చూడాలి.

ఎగుమతిదారు తన సరుకు రవాణాకు అంకె అడిగితే ఐఎస్‌ఓ 14083 ప్రకారం ఇవ్వాలి. 2023లో వచ్చిన ఈ ప్రమాణం డీజిల్ కాలినప్పుడు వెలువడేదే కాకుండా దాన్ని తవ్వి, శుద్ధిచేసి, తెచ్చేదాకా అయినదీ కలపమంటుంది. దీనికి ముందున్న యూరప్ ప్రమాణం ఈఎన్ 16258లో లీటరుకు కాలితే 2.67, మొత్తం కలిపితే 3.24 కిలోలు. ఇరవై శాతం పైచిలుకు తేడా ఇది. బీఆర్‌ఎస్‌ఆర్ కోసం వేసిన అంకెను తీసి ఎగుమతిదారుకు ఇచ్చేస్తే తక్కువ చెప్పినట్టవుతుంది. చల్లటి పెట్టెలకూ మామూలు పెట్టెలకూ వేర్వేరు అంకెలు ఇవ్వాల్సి ఉంటుంది. సబ్‌మీటర్లు లేకపోతే ఇక్కడ దొరికిపోతారు.

యంత్రాలు మార్చే నిర్ణయానికి ట్యాంకు పరీక్షతో సరిచేసిన పనిగంటల పద్ధతి కనీసం కావాలి, వీలైతే మూవ్‌వారీ కొలత. ఆర్‌టీజీ గంటకు 19 లీటర్లు తాగుతూ 14 మూవ్‌లు చేస్తే మూవ్‌కు 1.36 లీటర్లు, 3.6 కిలోలు. కరెంటుకు మార్చాక మూవ్‌కు 2.5 యూనిట్లు పట్టిందనుకుంటే 0.727 గుణకంతో 1.8 కిలోలు. సగం తగ్గింది. గ్రిడ్ శుభ్రపడేకొద్దీ ఇంకా తగ్గుతుంది. కరెంటుకు మార్చగానే ఉద్గారాలు సున్నా అని ప్రాజెక్టు నివేదికలో రాస్తే మాత్రం పొగగొట్టాన్ని థర్మల్ ప్లాంటుకు మార్చి లెక్కలోంచి చెరిపేసినట్టే. టెండర్‌లో పోటీపడే యంత్రాల కేటలాగ్ అంకెలు తీసుకునేటప్పుడు, అవి ఎన్ని టన్నుల బరువుతో, ఎంత ఎత్తుకు, ఖాళీ తిరుగుప్రయాణం కలిపి కొలిచారో రాయించుకోండి. బ్యాటరీ ట్రాక్టర్ అయితే చార్జర్ ముందు కొలిచిన యూనిట్లు అడగండి, బ్యాటరీలోకి చేరినవి కాదు.

యార్డు అమరిక మార్చడం, గేట్ అపాయింట్‌మెంట్ పెట్టడం వంటి ఇంకా జరగని మార్పులకు సిమ్యులేషన్ పనికొస్తుంది. అది కూడా గత ఏడాది నిజమైన డీజిల్‌ను దాదాపు అంతే చూపించగలిగితేనే. వార్షిక నివేదికలో సిమ్యులేషన్ అంకె పెట్టకూడదు.

హైదరాబాద్ సనత్‌నగర్ డిపో వంటి చోట్ల పని చిన్నది, ఓడలు రావు, క్వే క్రేన్ లేదు. రైలు నుంచి దించి పేర్చేది ప్రధానంగా రీచ్ స్టాకర్లే. అలాంటి డిపోకు 0.59 లోడ్ ఫ్యాక్టర్ ఇచ్చే అంకె మీద అసలు ఆధారపడొద్దు. యంత్రాలు కొన్నే కాబట్టి ప్రతి ఒక్కదానికీ లీటర్లు, గంటలు, మూవ్‌లు ఒకే రిజిస్టర్‌లో రాయడం సాధ్యమే. ఒక్క గుమస్తా రోజుకు అరగంటలో చేయగల పని అది.

పద్ధతి మార్చిన ఏడాది ఆధార సంవత్సరాన్నీ కొత్త పద్ధతితో మళ్లీ కట్టాలి. నిరుడు అరువు లోడ్ ఫ్యాక్టర్లతో 11,000 టన్నులు చూపి, ఈ ఏడు ఖాతా నుంచి 7,000 అని రాస్తే 36 శాతం తగ్గుదల కాగితం మీద పుడుతుంది, ఒక్క యంత్రం కూడా మారకుండానే. అందుకే పాత హవర్ మీటర్ రీడింగులు, డిప్ రిజిస్టర్లు, బౌజర్ చీటీలు, కాంట్రాక్టర్ల నెలవారీ లీటర్లు కనీసం ఆధార సంవత్సరం నుంచి భద్రపరచండి. చీటీలు పోతే ఆ ఏడాదిని మళ్లీ కట్టడం ఎవరివల్లా కాదు.